కావలి ఎండకు తట్టుకునే వేరుశనగ–కోకో ముక్క: ప్రాజెక్టు డైరీ

లక్ష్యం

ఒక్కో ముక్క 15 గ్రాములు. అందులో వేరుశనగ ముందుండాలి, కోకో దాని వెనక నడవాలి. డాల్డా లాగా గట్టిపరిచిన నూనె ఏదీ ఉండకూడదు. 100 గ్రాములకు చక్కెరలన్నీ కలిపి 25 గ్రాములు దాటకూడదు. ఎసెన్సులు, నిలవ మందులు వద్దు. మే నెలలో రేకుల షెడ్డు కింద ఉన్న చిల్లర కొట్లో పెట్టినా కవరుకు అంటుకోకుండా ఊడి రావాలి. వీటన్నిటికంటే ముందు నోటికి బాగుండాలి. ఒంటికి మంచిదని కళ్లు మూసుకుని మింగే తిండిని రెండోసారి ఎవరూ కొనరు.

డిసెంబరు: బజారు సరుకు రుచి

సొంత కొలతలు మొదలుపెట్టే ముందు కావలి, నెల్లూరు కొట్లలో దొరికే వేరుశనగ–చాక్లెట్ చిరుతిళ్లు తెచ్చి, కవర్లు తీసేసి, వరసగా రుచి చూశాం. పేర్లు అక్కర్లేదు. స్థూలంగా ఇవి మూడు జాతులు.

మొదటిది, పప్పు చెక్క మీద గోధుమరంగు పూత వేసినది. కవరు వెనక "చాక్లెట్" అని కాక "కాంపౌండ్" అనో, "హైడ్రోజనేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్" అనో ఉంటుంది. అది ఎక్కువగా పామ్ కెర్నెల్ నూనెను గట్టిపరిచి చేసిన కొవ్వు. నోట్లో వేసుకుంటే అసలు కోకో వెన్న (కోకో గింజలోని కొవ్వు) లాగా చప్పున కరగదు, అంగిట్లో మైనం పొర మిగులుతుంది. నూనెను గట్టిపరిచేటప్పుడు గుండెకు చేటు చేసే ట్రాన్స్‌ఫ్యాట్ పుట్టొచ్చు. 2022 జనవరి నుంచి కొవ్వులో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం మించకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) నిబంధన ఉంది కాబట్టి ఆ భయం చాలావరకు తీరింది. కానీ పామ్ కెర్నెల్ కొవ్వులో అత్యధిక భాగం సంతృప్త కొవ్వే. "ట్రాన్స్‌ఫ్యాట్ సున్నా" అన్న ముద్ర చూసి ఆ సంగతి మరిచిపోకూడదు.

రెండోది ఖర్జూరం ముద్దతో చేసినది. "చక్కెర కలపలేదు" అని ముందు పెద్దక్షరాల్లో ఉంటుంది. నిజమే, కలపలేదు. మెత్తటి ఖర్జూరంలో మూడింట రెండు వంతుల దాకా ఉన్నది చక్కెరే. పదార్థాల వరసలో ఖర్జూరం మొదట ఉంటే అది ఖర్జూరం ముక్క; వేరుశనగ అందులో చుట్టం చూపుగా వచ్చినట్టు. బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాయాలన్నది నియమం గనక ఆ వరస ఒక్కటి చదివినా సగం సంగతి తెలిసిపోతుంది.

మూడోది ప్రోటీన్ బార్లు. మాల్టిటాల్ (చక్కెర బదులు వాడే తీపి), సోయా గుళికలు, వే పొడి (పాల విరుగుడు నీటి పొడి). కొరికితే మొదట బంక, తర్వాత సుద్ద. మాల్టిటాల్ తీపి చక్కెరకు దగ్గరగానే ఉంటుంది, కానీ రెండు బార్లు తింటే కొందరికి కడుపు ఉబ్బి, విరేచనమవుతుంది.

ఈ మూడిట్లోనూ తేలిన ఉమ్మడి లోపం ఒకటుంది: పప్పు సరిగ్గా వేగలేదు. పచ్చి వాసనను తీపితోనూ వెనిల్లాతోనూ కప్పేశారు. కాబట్టి పని వేరుశనగ గుళ్ల దగ్గర మొదలు కావాలి, తీపి దగ్గర కాదు.

డిసెంబరు చివర: గుళ్లు

ఈ నెలలో దొరికేది నిలవ సరుకు. మా తీరపు ఇసుక నేలల్లో బోర్ల కింద వేసే రబీ పంట మార్చి, ఏప్రిల్‌లలో గానీ చేతికి రాదు. నిలవ సరుకుతో చేసేటప్పుడు ఏరుడే ముఖ్యం. తెల్ల గుడ్డ మీద కిలో గుళ్లు పరిచి ముడతలు పడినవి, నల్ల మచ్చలవి, ఆకుపచ్చ బూజు తగిలినవి, మొలకెత్తినవి, పొట్టు చిట్లి రంగు మారినవి తీసేయాలి. ఇది అందం కోసం చేసే పని కాదు. ఆస్పర్జిల్లస్ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయిస్తే పూర్తిగా పోదు. ఏరి పారేయడం, ఆరబెట్టడం, ఈ రెండే మన చేతిలో ఉన్న మందులు. గుప్పెట్లో ఆడిస్తే గలగలమనాలి, తేమ 7 శాతం లోపు ఉండాలి. తేమ ఉన్న గుళ్లు రెండు వేళ్ల మధ్య నొక్కితే విరగవు, సాగినట్టు నలుగుతాయి. ఏరేటప్పుడు ఒకటి కొరికి చూసి చేదు తగిలితే ఊసేయాలి, మొహమాటపడి మింగకూడదు.

ఇక్కడే ఇంకో మాట. గానుగ దగ్గర వేరుశనగ చెక్క (నూనె తీయగా మిగిలే పిప్పి) చవగ్గా వస్తుంది, ప్రోటీన్ ఎక్కువ, కొవ్వు తక్కువ, దాన్ని పొడి చేసి కలిపితే పోలా అని ఎవరికైనా తడుతుంది. వద్దు. నూనె తీసినప్పుడు అఫ్లాటాక్సిన్ నూనెలోకి పెద్దగా వెళ్లదు, చెక్కలోనే కూడుతుంది. పశువుల దాణాకని ఆడించే గుళ్లను మనుషుల తిండికి ఏరినంత శ్రద్ధగా ఎవరూ ఏరరు.

వేయించడం: ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) 150 డిగ్రీలు, ట్రేలో ఒకే పొర, 22 నుంచి 25 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కదపాలి. తొందరపడి 180 పెడితే పైన రంగు వచ్చేస్తుంది, లోపల పచ్చిగా ఉంటుంది. రంగును పొట్టు మీద చూడకూడదు. ఒక గుండును రెండు బద్దలు చేసి లోపలి ముఖం చూడాలి. అంచు నుంచి నడిమి దాకా ఒకే లేత గోధుమరంగు ఉంటే వేగినట్టు. నడిమిన తెల్లగా ఉంటే ఇంకా టైముంది. కావలసిన రంగుకు కొంచెం ముందే దించి, వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి ఫ్యాను కింద పెట్టాలి. గుళ్లలో మిగిలిన వేడికి అవి బయట కూడా కాసేపు వేగుతూనే ఉంటాయి. ఈ చల్లార్చే పని వదిలేస్తే సరిగ్గా వేగినవి కూడా మాడు వాసనలోకి వెళ్లిపోతాయి.

మంగలంలో (వేయించే మట్టి పెంకులో) ఇసుకతో వేయించినవి ఓటీజీవాటికంటే కమ్మగా ఉన్నాయి, అందులో సందేహం లేదు. ఇసుక వేడి గుండుకు అన్ని వైపులా ఒకేలా తగులుతుంది. కానీ ముద్దగా రుబ్బే సరుకుకు ఇది పనికిరాదు. ఎంత జల్లించినా ఒక్క రేణువు మిగిలితే చాలు, పంటి కింద కరుక్కుమంటుంది. పైన అద్దే పలుకులకు మాత్రం మంగలం సరుకే వాడాలని నిర్ణయించాం.

చల్లారాక గుడ్డలో వేసి నలిపి, చేటలో చెరిగితే పొట్టు పోతుంది. పొట్టుతో పాటు బద్దల మధ్య ఉండే చిన్న మొలక ముక్క కూడా వీలైనంత పోవాలి. చేదు ఎక్కువగా దాన్లోనే. వగరు పొట్టులో ఉంటుంది. కొందరు పీచు కోసం పొట్టు ఉంచుతారు, కానీ కోకోకు సొంత వగరు ఉంది. రెండూ కలిస్తే నోరు బిగుసుకుంటుంది. ఏరిన కిలో గుళ్లు వేగి, పొట్టు పోయాక 920 గ్రాముల దగ్గర తేలతాయి. కొలతలన్నీ ఈ వేగిన బరువు మీదే వేసుకోవాలి.

రకం సంగతి: బజార్లో సామాన్యంగా దొరికే గుళ్ల నూనెలో ఓలీక్ ఆమ్లం సగానికి అటూ ఇటూగా ఉంటుంది. మిగతాదాంట్లో ఎక్కువ లినోలీక్. అది గాలి తగిలితే త్వరగా పాడయ్యేది. 2020లో విడుదలైన గిర్నార్–4, గిర్నార్–5 రకాల్లో ఓలీక్ 80 శాతం దాకా ఉంటుంది. వేయించిన పప్పు నిలవ ఉండాలంటే ఇవి మేలు. రుచిలో తేడా ఎంత అన్నది ఏప్రిల్ పరీక్షకు వదిలాం.

రుబ్బడం: మిక్సీ లీటరు జారులో 300 గ్రాములకు మించి వేయకూడదు. ముందు పొడి, తర్వాత గోడలకు అంటుకునే ముద్ద, ఆ తర్వాత నూనె వదిలి జారుగా అవుతుంది. మనకు కావలసింది ముద్ద దశ. జారు దశకు వెళ్తే గింజ కణాలు పగిలి నూనెంతా బయటపడుతుంది. అది వేసవిలో కవరు మీదకు వస్తుంది. మొత్తం పప్పులో మూడింట రెండు వంతులు ముద్ద, ఒక వంతు గోధుమ రవ్వంత పలుకు.

జనవరి: చాక్లెట్ పూత

పూత పరీక్షలన్నీ ఈ నెలలోనే, తెల్లవారుజామునే పెట్టుకున్నాం. కావలిలో ఏసీ లేకుండా చాక్లెట్‌కు గది కుదిరేది అప్పుడే: 21, 22 డిగ్రీలు. 32 డిగ్రీల గదిలో టెంపరింగ్ (చాక్లెట్‌ను కరిగించి, మెరుస్తూ గట్టిపడేలా చల్లార్చడం) చేయబోవడం దండగ.

కోకో వెన్న ఆరు రకాల స్ఫటికాలుగా గట్టిపడగలదు. మనకు కావలసింది అయిదో రూపం. దానికే మెరుపు, విరిస్తే టక్కుమనే శబ్దం, 34 డిగ్రీల దగ్గర నోట్లో కరిగే గుణం ఉన్నాయి. పద్ధతి ఇది: 70 శాతం డార్క్ చాక్లెట్ 300 గ్రాములు సన్నగా తరిగి, 200 గ్రాములను వేడినీళ్ల మీద పెట్టిన గిన్నెలో 48 డిగ్రీల దాకా కరిగించాలి. కిందికి దించి, మిగతా 100 గ్రాములు కొద్దికొద్దిగా వేస్తూ 31, 32 డిగ్రీలకు వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. వేసిన ముక్కల్లోని మంచి స్ఫటికాలే మిగతాదానికి విత్తనం. కత్తి మొనకు కొంచెం అద్ది పక్కన పెడితే అయిదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడాలి. చారలు పడినా, మెత్తగా ఉండిపోయినా ఇంకాస్త తరుగు వేసి తిప్పాలి. లేజరు తుపాకీ లాంటి థర్మామీటరు పైపొర వేడినే చూపిస్తుంది. లోపల గుచ్చేది వాడాలి.

నీటి చుక్క దీనికి శత్రువు. ఉదయగిరి చెక్క గరిటె చేతికి హాయిగా ఉంటుంది, అలంకారానికీ బాగుంటుంది. కానీ కడిగిన చెక్క తేమ పట్టి ఉంటుంది, ఆ తేమకే చాక్లెట్ బిగుసుకుని ఇసుకముద్దలా అవుతుంది. కొద్ది తడికి చక్కెర రేణువులు ఒకదానికొకటి అతుక్కోవడం దీనికి కారణం. సిలికాన్ గరిటె వాడాలి. బిగుసుకున్నదాన్ని పారేయక్కర్లేదు, 50 గ్రాములకు ఒక పెద్ద చెంచా చొప్పున వేడినీళ్లు పోసి గిలకొడితే మళ్లీ నున్నగా వస్తుంది. అది పూతకు పనికిరాదు, పాలలో కలుపుకోవడానికి భేషుగ్గా ఉంటుంది.

లోపలి ముక్క 22–24 డిగ్రీల్లో ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే ముంచితే, వేడెక్కేకొద్దీ లోపలిది ఉబ్బి పూతకు సన్నటి పగుళ్లు పడతాయి. 12 గ్రాముల ముక్కకు 3 గ్రాముల పూత సరిపోతుంది. అంతకంటే మందం వేస్తే వేరుశనగ వెనక్కిపోతుంది.

పూత వేసినవి మొదటి వారం అద్భుతం. తర్వాత మెరుపు తగ్గి బూడిద పొర తేలడం మొదలైంది. వేరుశనగ నూనె గది వేడికే ద్రవం. అది మెల్లగా పూతలోకి పాకి కోకో వెన్నను మెత్తబరుస్తుంది, కొంత పైకి వచ్చి తెల్లగా పేరుకుంటుంది. ఇది బూజు కాదు, తినొచ్చు. ఫ్రిజ్‌లోంచి తీసినప్పుడు గాలిలోని తేమ పట్టి తేలే చక్కెర పొర వేరే సంగతి. తేడా తెలుసుకోవడం తేలిక: వేలితో రుద్దితే కరిగి జిడ్డయ్యేది కొవ్వు పొర; గరుకుగా ఉండి నీటి చుక్కకు కరిగిపోయేది చక్కెర పొర. సముద్రం పక్క ఊళ్లలో ఈ రెండోది ఎక్కువ. చాక్లెట్‌ను ఫ్రిజ్‌లో పెట్టక తప్పకపోతే గాలి చొరని డబ్బాలో పెట్టి, బయటికి తీశాక డబ్బా గది వేడికి వచ్చేదాకా మూత తీయకూడదు.

ఫిబ్రవరి: తీపి

అందరూ మొదట అడిగేది బెల్లం గురించే. బెల్లంలో కొంత ఖనిజ లవణాలుంటాయి, నిజమే. కానీ 80 శాతానికి పైగా చక్కెరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల ప్రకారం రోజువారీ శక్తిలో విడి చక్కెరల వాటా 10 శాతం లోపు, అంటే 2000 కేలరీలు తినే మనిషికి 50 గ్రాముల లోపు ఉండాలి. ఆ 50లోకి పంచదార ఎంతో బెల్లమూ అంతే వస్తుంది. "బెల్లంతో చేశాం" అని రాసుకుంటే సరుకు అమ్ముడుపోతుందేమో గానీ చక్కెర తగ్గదు.

లెక్క చూడండి. 500 గ్రాముల పప్పుకు 300 గ్రాముల బెల్లం ముదురు పాకం పట్టి చెక్క చేస్తే చక్కెర 35 శాతం దగ్గర తేలుతుంది. బెల్లం తగ్గిస్తే చెక్క నిలవదు, పొడిపొడిగా రాలిపోతుంది. పాకం రుచి కోసమే కాదు, అతికేందుకూ కావాలి మరి. పైగా బెల్లం గాలిలోని తేమ లాగుతుంది. పూత కింద చెమ్మగిల్లి చాక్లెట్ ఊడిపోతుంది. బెల్లం పొడిని కరిగిన చాక్లెట్‌లో నేరుగా కలిపితే ముందు చెప్పినట్టే బిగుసుకుంటుంది.

స్టీవియా (ఆకు నుంచి తీసే తీపి): కోకో చేదుకు తోడు దాని వెనక రుచి కూడా చేదే. అతిమధురం నమిలినట్టు చాలాసేపు నాలుక మీద నిలుస్తుంది. రుచి చూసిన ఒకామె మాట ఇక్కడ రాసి ఉంచాల్సిందే: "అక్కా, ఇది బాగానే ఉండాది గానీ, తిన్నాక దగ్గు మందు తాగినట్టు ఉండాది." ఎరిత్రిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పొడి): కరిగేటప్పుడు నోట్లో వేడిని పీల్చుకుంటుంది కనక పుదీనా లేని చల్లదనం తెలుస్తుంది. వేరుశనగతో అది అతకదు. పైగా నాలుగు రోజులకు మళ్లీ స్ఫటికాలై కరకరమంటుంది. రెండూ పక్కన పెట్టాం.

మిగిలింది ఖర్జూరం, తక్కువ మోతాదులో. ఎండు ఖర్జూరం కాదు, మెత్తటిది. ప్రతి పండునూ చీల్చి గింజ తీయాలి, లోపల పురుగు ఉందేమో చూడాలి. నీళ్లలో నానబెట్టకూడదు. నానబెడితే రుబ్బడం సులువే గానీ, ఆ నీరు ముక్కలో మిగిలి బూజుకు దారి తీస్తుంది. 60 డిగ్రీల ఓటీజీలో పది నిమిషాలు ఉంచి, వేరుశనగ పలుకు గుప్పెడు కలిపి మిక్సీలో తిప్పితే బ్లేడుకు చుట్టుకోకుండా నలుగుతుంది. కొద్దిగా తాటి బెల్లం చేర్చాం. అది తీపి కోసం కాదు, దాని పొగ వాసన కోకోకు బాగా కలుస్తుంది కాబట్టి. 500 గ్రాముల పప్పుకు 20 గ్రాములు చాలు. 40 వేస్తే కోకో కనబడదు.

మార్చి: కోకో, కరకర

కోకో పొడి రెండు రకాలు. మామూలుది లేత ఎరుపు గోధుమరంగులో, కాస్త పులుపుగా ఉంటుంది. క్షారంతో శుద్ధి చేసినది ముదురు రంగు, పులుపు లేనిది; పదార్థాల వరసలో ఐఎన్ఎస్ 501 లాంటి ఆమ్లత నియంత్రకం కనిపిస్తే అది ఈ రకమే. రంగు చూసి ముదురుదే మంచిదనుకుంటారు. కానీ క్షారం తగిలితే కోకోలోని ఫ్లావనాల్స్ బాగా తగ్గిపోతాయి. కోకో ఒంటికి మంచిదని చెప్పుకునేది వాటి గురించే. మామూలు రకం పులుపు ఖర్జూరం తీపిని కోస్తుంది కూడా. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతరపంటగా కోకో విస్తారంగా పండుతోంది. మనకు గింజ కోసం దేశాలు తిరగాల్సిన అవసరం లేదు.

పొడిని చివర్లో చల్లితే పచ్చిగా, సుద్దలా తగులుతుంది. గోరువెచ్చని వేరుశనగ ముద్దలో ముందే కలిపి పావుగంట వదిలేయాలి. నూనె లాగి వాసన విచ్చుకుంటుంది. మొత్తం బరువులో 5 శాతం సరి. 8 శాతానికి నోరు ఎండుకుపోయింది.

కరకర కోసం తొలి ఏకాదశికి చేసుకునే జొన్న పేలాలు గుర్తొచ్చాయి. జొన్నలకు కొంచెం నీళ్లు చిలకరించి, గుడ్డలో గంటసేపు ఉంచి, బాగా కాగిన మంగలంలో గుప్పెడు గుప్పెడే వేయాలి. ఎక్కువ వేస్తే ఇసుక వేడి పడిపోయి సగం గింజలు పేలవు. పేలనివి జల్లెడలో దిగువకు పోతాయి. వాటిని వదిలితే పళ్లకు ప్రమాదం. పేలాలను చిన్నగా నలిపి, మళ్లీ సన్న జల్లెడ పట్టి ఇసుక లేకుండా చూసుకోవాలి. మంగలం ఇసుక మీద నమ్మకం లేకపోతే మందపాటి ఇనుప మూకుడులో ఇసుక లేకుండా పేల్చవచ్చు. తక్కువ పేలతాయి, అంతే.

అసలు చిక్కు: ఖర్జూరంలో తేమ ఉంది, పేలాల్లో లేదు. రెండూ ఒకే ముద్దలో ఉంటే తేమ అటు పోతుంది, రెండో రోజుకే పేలాలు మెత్తబడ్డాయి. 60 గ్రాముల పేలాలకు 12 గ్రాముల కరిగించిన కోకో వెన్న పట్టించి, చల్లారనిచ్చి అప్పుడు కలిపితే మెత్తబడడం బాగా నెమ్మదించింది. పూర్తిగా ఆగదు.

ఏప్రిల్: రుచి పరీక్ష పెట్టే పద్ధతి

మనవాళ్లకు ముక్క చేతిలో పెట్టి "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే చెబుతారు. పెట్టినవాళ్ల మనసు నొప్పించడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఆ జవాబుతో కొలతలు మార్చలేం. కాబట్టి ముందు తేడా తెలుస్తోందా అని అడగాలి, ఇష్టం సంగతి తర్వాత.

తేడాకు త్రికోణ పరీక్ష. మూడు ముక్కలిస్తారు, రెండు ఒకటే, ఒకటి వేరు. వేరుది ఏదో చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకరికి సరిపోతుంది కాబట్టి 12 మంది కూర్చుంటే కనీసం 8 మంది సరిగ్గా చెబితేనే తేడా ఉన్నట్టు లెక్క. 18 మందైతే 10, 24 మందైతే 13. ముక్కలకు 1, 2, 3 అని గానీ క, ఖ అని గానీ పేర్లు పెట్టకూడదు, మొదటిదే మంచిదనుకుంటారు. 417, 862 లాంటి మూడంకెల గుర్తులు పెట్టి, వరస ఒక్కొక్కరికి మార్చివ్వాలి.

వేళ ఉదయం పదిన్నర ప్రాంతం. టిఫిను కారం తగ్గి ఉంటుంది, భోజనం ఇంకా కాలేదు. ఆవకాయ తిన్న నోటితో కోకో తెలియదు. ముక్కకూ ముక్కకూ మధ్య గోరువెచ్చని నీళ్లు, ఉప్పు లేని బొరుగులు నాలుగు. చల్లటి నీళ్లిస్తే అంగిట్లో కోకో వెన్న గట్టిపడి తర్వాతి ముక్క రుచి చెడుతుంది. ఒక్కొక్కరికి రెండు త్రికోణాలు దాటితే నాలుక అలిసిపోతుంది.

పరీక్షించిన జతల్లో ఉప్పుదే స్పష్టమైన తేడా. 0.6 శాతం పొడి ఉప్పు వేసినదానికి వేరుశనగ కమ్మదనం ముందుకొచ్చింది, చేదు వెనక్కి తగ్గింది. ఖర్జూరం పెంచకుండానే "ఇది తియ్యగా ఉంది" అన్నారు. చక్కెర తగ్గించాలనుకునేవాళ్లు మొదట పట్టుకోవాల్సింది ఈ చిటికెడు ఉప్పునే. గిర్నార్, మామూలు గుళ్ల మధ్య తేడా తాజాగా ఉన్నప్పుడు ఎవరికీ నికరంగా తెలియలేదు.

ఇష్టం కొలవడానికి కాగితం మీద మార్కులకంటే పళ్లెం బరువు నమ్మదగింది. రెండు రకాలూ పళ్లేల్లో పెట్టి అక్కడి నుంచి పక్కకు తప్పుకుని, అరగంట తర్వాత మిగిలినది తూకం వేయాలి. నోటితో ఏం చెప్పినా చెయ్యి మళ్లీ దేని మీదకు వెళ్లిందన్నది ఆ తూకంలో తేలుతుంది.

మే: రోహిణి కార్తె

రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, 34 డిగ్రీలకు కరిగే కోకో వెన్న ఏ మూలకు? 40 దాటిన రోజున రేకుల కింద పెట్టిన పూత ముక్కలు మధ్యాహ్నానికే కవర్లో కరిగి, రాత్రి తిరిగి గట్టిపడి, తెల్లారేసరికి మచ్చలు పడి ఉన్నాయి. ఏ టెంపరింగూ దీన్ని కాపాడదు. కొంతైనా కాపాడగలిగేది పామ్ కెర్నెల్ లాంటి గట్టిపరిచిన కొవ్వే. అది వద్దనుకునే బయలుదేరాం. కాబట్టి మార్చి నుంచి అక్టోబరు దాకా పూత లేదు; కోకో లోపలే ఉంటుంది. ఖర్జూరం ముద్ద పట్టు కొవ్వు మీద ఆధారపడదు గనక వేడికి ఆకారం చెడలేదు.

కానీ నూనె కారింది. తెల్ల టిష్యూ కాగితం మీద ముక్కలు రాత్రంతా షెడ్డులో ఉంచి, కింద పడిన జిడ్డు వలయం వెడల్పు స్కేలుతో కొలవడం మా పరీక్ష. వలయం చిన్నదైన ప్రతి మార్పునూ ఉంచుకున్నాం. పలుకు వాటా పెంచితే కొంత తగ్గింది. అసలు పని చేసింది పుట్నాలపప్పు పొడి. 500 గ్రాముల పప్పుకు 40 గ్రాములు మెత్తగా కొట్టి జల్లించి కలిపితే నూనెను పీల్చుకుని పట్టి ఉంచింది. దానికి సొంత గోల లేదు, వేరుశనగ రుచిలో కలిసిపోతుంది, ఎనిమిది, తొమ్మిది గ్రాముల ప్రోటీన్ కూడా తెస్తుంది. 70 గ్రాములకు వెళ్తే గొంతు పట్టేసింది.

నిలవలో గిర్నార్ విలువ అప్పుడు బయటపడింది. షెడ్డులోనే ఉంచి వారం వారం డబ్బా మూత తీసి వాసన చూస్తే, పాత నూనె వాసన ముందు మామూలు గుళ్లవాటికే వచ్చింది.

జూన్: ప్రస్తుత కొలతలు

వేగిన, పొట్టు తీసిన గుళ్లు 500 గ్రాములు (ఏరిన పచ్చి గుళ్లు 550 తీసుకుంటే సరి). అందులో 300 ముద్ద, 160 పలుకు, 40 పైన అద్దడానికి. గింజ తీసిన మెత్తటి ఖర్జూరం 180, తాటి బెల్లం పొడి 20, మామూలు కోకో పొడి 40, జొన్న పేలాలు 60, పేలాలకు పట్టించే కోకో వెన్న 12, పుట్నాల పొడి 40, ఉప్పు 5.

వెచ్చని ముద్దలో కోకో, ఉప్పు, తాటి బెల్లం కలిపి పావుగంట ఆగాలి. ఖర్జూరాన్ని పలుకుతో తిప్పి ఇందులో వేసి, చేత్తో చపాతీ పిండిలా కాకుండా వేళ్లతో విడదీస్తూ కలపాలి. గట్టిగా పిసికితే నూనె బయటకు వస్తుంది. పుట్నాల పొడి, ఆఖరున పేలాలు. నెయ్యి రాయని పళ్లెంలో ఆయిల్ పేపరు వేసి సెంటీమీటరున్నర మందంగా గిన్నె అడుగుతో అదిమి, రెండు గంటలు వదిలి, పొడి కత్తితో కోయాలి. ప్రతి ముక్కనూ తూకం వేసి, పలుకులో దొర్లించాలి. 55 దాకా వస్తాయి.

పదార్థాల పోషక విలువలను బట్టి కడితే 15 గ్రాముల ముక్కకు 70 కేలరీలకు కొంచెం పైన, చక్కెర 3 గ్రాముల లోపు, ప్రోటీన్ కూడా దాదాపు అంతే, కొవ్వు 5 గ్రాముల లోపు. చలికాలపు పూత ముక్కలో చక్కెర 3 గ్రాములు దాటుతుంది. ఇవి తక్కువ కేలరీల తిండి కాదు. వేరుశనగలో సగం బరువు నూనే. రెండు ముక్కలు సాయంత్రపు ఆకలికి సరిపోతాయి. ఆరు తింటే అది ఒక పూట టిఫిను.

కవరు మీద మాటలు

వేసవి రకాన్ని "చాక్లెట్" అని పిలవకూడదని తేల్చుకున్నాం. ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణంలో చాక్లెట్ అంటే కోకో వెన్న కాక ఇతర వృక్ష కొవ్వు 5 శాతానికి మించకూడదు. మనది వేరుశనగ నూనెతో నిండిన ముక్క. కాబట్టి "కోకో వేరుశనగ ముక్క" అని ఉంటుంది. "చక్కెర లేదు" అని గానీ, "మధుమేహం ఉన్నవారికి" అని గానీ ఉండదు. వేరుశనగ ఉందని అలర్జీ సూచన పెద్దక్షరాల్లో, తెలుగులో కూడా రాయాలి. అయిదేళ్లలోపు పిల్లలకు పలుకు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది గనక వాళ్ల కోసం పైన అద్దకుండా, లోపల కూడా ముద్దే వేసి విడిగా ఒక పళ్లెం చేయాలి. పలుకు లేకపోతే నూనె ఎక్కువ కారుతుంది. పుట్నాల పొడి 40 నుంచి 55కు పెంచి టిష్యూ పరీక్ష మళ్లీ పెట్టాలి. గొంతు పట్టేయకుండా ఎక్కడ ఆగాలో చూడాలి.